శుచిత్వమునకు వాసన యున్నదా?

పాఠశాలలో తనిఖీ జరుగు దినమున గాని, కచేరీకి పెద్ద యధికారి వచ్చు దినమున గాని, ఉదయముననే లోపల నడుగిడినవారికి మొట్టమొదట నెదురు వచ్చునది ఫినాయిలు వాసన. అది ముక్కునకు సోకగానే "ఈ దినము చక్కగా శుభ్రము చేసినారు" అని మన మనుకొందుము. నేలను చూడము, మూలలను చూడము, బల్లల క్రిందికి వంగి చూడము. కన్ను చేయవలసిన పరీక్షను ముక్కునకు వదలి తృప్తి పడుదుము. మఱునాడు వాసన కొంచెము తగ్గినచో పని సరిగా జరుగలేదని నౌకరులను గద్దింతుము. వారును మన స్వభావము నెఱిగినవారే గనుక, సీసాలోనుండి మఱికొంత మందు వంచి, గుడ్డను మఱికొంత తక్కువగా నాడించి, మన మెప్పు సంపాదించుకొందురు.

శుచియైన స్థలమునకు వాసన యుండదు. మురికి కంపు పోయి మందు కంపు మిగిలినచో, ఒక మలినము పోయిన చోటికి మఱియొక మలినము వచ్చి చేరినదనియే చెప్పవలెను. ఈ రెండవ మలినము వలని బాధ బల్ల ముందు కూర్చుండి వ్రాయు గుమాస్తాకు కొంత తగులును, బెంచీమీద కూర్చున్న విద్యార్థికి కొంత తగులును. కాని యందఱికంటె ముందుగను, అందఱికంటె నెక్కువగను తగులునది చేత గుడ్డ పట్టినవారికే. ఏలయన కచేరీ తెఱవక ముందు, కిటికీలు మూసియున్న గదులలో, బకెట్టు మీదికి వంగి, దినమునకు అనేక గంటలు ఆ గాలినే పీల్చువారు వారు. కావున కార్యస్థానములను నిరపాయమైన వస్తువులతో శుభ్రము చేయుటను గుఱించి విచారించునపుడు మొదట తలపవలసినది వారి ఊపిరితిత్తులను, వారి చేతులను.

వాసనయే శుభ్రత యను భ్రమ నేటిది గాదు. సూక్ష్మజీవుల సంగతి తెలియని కాలమున, వ్యాధులు దుర్గంధము వలననే పుట్టునని పాశ్చాత్య వైద్యులు గట్టిగా నమ్మియుండిరి. 1858వ సంవత్సరపు వేసవిలో లండను నగరమున థేమ్సు నది మురుగుతో నిండి భరింపరాని కంపు కొట్టినది. నది యొడ్డుననే యున్న పార్లమెంటు భవనమున సభ్యులు కూర్చుండలేక, కిటికీ తెరలను బ్లీచింగు పౌడరు కలిపిన నీటిలో తడిపి వ్రేలాడదీయించిరి. కార్యస్థానమును మందు వాసనతో బాగుచేయ జూచిన ప్రయత్నములలో ఇంతకంటె ఘనమైనది మఱొకటి లేదేమో! దాని వలన కంపును పోలేదు, వ్యాధియు పోలేదు. జోసెఫ్ బాజల్జెట్టు అను ఇంజనీరు మురుగును నగరమునకు దూరముగా గొనిపోవు కాలువలను భూమిలో కట్టించిన పిమ్మటనే ఆ నగరమునకు కలరా పీడ వదలినది. ఆ వ్యాధి వాసనలో రాదు, నీటిలో వచ్చునని 1854లోనే జాన్ స్నో అను వైద్యుడు ఒక వీథిలోని నీటి పంపును చూపి చెప్పియుండెను. 1884లో రాబర్టు కాక్ మన కలకత్తా నగరమున ఆ క్రిమిని పట్టి చూపెను.

మన భాషలోను ఆ పాత నమ్మకపు జాడ యొకటి మిగిలియున్నది. బట్టల పెట్టెలలోను, మూత్రశాలలలోను వేయు తెల్లని యుండలను మనము కలరా ఉండలు అందుము. వీనిలో పెక్కు నాఫ్తలీను అను పదార్థముతో చేసినవి. వీనికిని కలరాకును ఏ సంబంధమును లేదు. వాసన ఘాటుగా నున్నది గనుక వ్యాధిని తఱుమునని యెవరో నమ్మిరి, పేరు నిలిచిపోయినది. నిజమునకు ఈ యుండలు బట్టల పురుగులను చంపును గాని, మూత్రశాలను శుభ్రము చేయవు. ఒక కంపును మఱొక కంపుతో కప్పును. అంతే గాక, పుట్టుకతో రక్తమునందు ఒకానొక రక్షక పదార్థము తక్కువగా గల బిడ్డలు కొందఱుందురు. నాఫ్తలీను వారి శరీరములో ప్రవేశించినచో ఎఱ్ఱ రక్తకణములు పగిలిపోయి ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. బిడ్డలు చదువుకొను స్థలమున ఈ యుండల యవసరమేమియో నాకు తోచదు.

ఇంత చెప్పినందున క్రిమినాశక ద్రవ్యములన్నియు పనికిమాలినవని తలంపరాదు. 1847లో వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో సెమ్మెల్వైసు అను యువ వైద్యుడు, శవపరీక్ష చేసి వచ్చిన చేతులను క్లోరిన్ గల సున్నపు నీటితో కడుగుకొనిన తరువాతనే వైద్యులు బాలింతలను తాకవలెనని నియమము చేసెను. ఆ సంవత్సరము ఏప్రిలు నెలలో అచ్చటి బాలింతలలో నూటికి 18 మంది మరణించుచుండగా, జూను నాటికి ఆ సంఖ్య నూటికి ఇద్దఱికి దిగెను. 1865లో గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు కార్బాలికు ఆమ్లముతో గాయములను కట్టి అవయవములను, ప్రాణములను కాపాడెను. ఆయన శస్త్రచికిత్స జరుగు గదిలో గాలినంతటిని ఆ యామ్లపు తుంపరలతో నింపు పద్ధతి నొకదానిని కూడ ప్రవేశపెట్టెను. అయితే గాలిలోని క్రిములకంటె చేతులమీదను, పనిముట్లమీదను ఉన్నవే ముఖ్యమని గ్రహించి, 1890లో బెర్లిను నగరమున జరిగిన వైద్య మహాసభలో, ఆ తుంపరల పద్ధతిని తాను సిఫారసు చేసినందులకు సిగ్గుపడుచున్నానని బహిరంగముగా చెప్పెను. ఆయన విడిచిపెట్టిన దానిని మనము 2020లో మరల పట్టుకొంటిమి. కోవిడు వ్యాధి భయమున వీథులలోను, కచేరీలలోను, తుదకు మనుష్యులమీదను క్రిమినాశకములను చిమ్మిరి. ఆ యేడు మార్చి నెలలో బరేలీ పట్టణమున, ఇండ్లకు తిరిగి వచ్చుచున్న కూలివాండ్రమీద క్లోరిన్ ద్రావణము చల్లిన వార్త దేశమంతట ప్రాకినది. మనుష్యులమీద ఇట్లు చల్లరాదని ఏప్రిలులో మన ఆరోగ్య మంత్రిత్వ శాఖయు, మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థయు చెప్పవలసి వచ్చెను.

వియన్నా వైద్యుడు చేసినది అక్కఱయున్న చోట, అక్కఱయున్నంత మేరకు వాడుట. మన పాఠశాలలలోను కచేరీలలోను ఉన్న మలినములో ఎక్కువ భాగము ఎట్టిది? దుమ్ము, సుద్దపొడి, చెప్పుల మట్టి, చేతి జిడ్డు, ఒలికిన టీ, సిరామరకలు. వీనిని చంపనక్కఱలేదు, తీసివేయవలెను. మలినమును తొలగించుట వేఱు, క్రిములను చంపుట వేఱు. మొదటిది ప్రతి దినము ప్రతి చోట చేయవలసినది. రెండవది కొన్ని చోట్ల, కొన్ని సమయములందు మాత్రమే కావలసినది.

మలినమును తొలగించుటలో సబ్బును మించిన సాధనము లేదు. దాని పని యెట్టిదో విద్యార్థులు తెలిసికొనదగును. సబ్బు అణువునకు ఒక తలయు ఒక పొడవైన తోకయు గలవని యూహింపుడు. తలకు నీరన్న నిష్టము, తోకకు నూనె యన్న నిష్టము. జిడ్డుమీద సబ్బునీరు పడగానే తోకలన్నియు జిడ్డులోనికి గ్రుచ్చుకొనును, తలలన్నియు నీటివైపు నిలుచును. అంతట జిడ్డు చిన్న చిన్న బొట్లుగా విడిపోయి, నీటితో గూడ కొట్టుకొనిపోవును. ధూళియు, క్రిములును ఆ జిడ్డును పట్టుకొనియే యుండునవి గనుక అవియు దానితో లేచిపోవును. కోవిడు వంటి కొన్ని వ్యాధుల సూక్ష్మాంశములకు పైన కొవ్వు పొర యుండును. సబ్బు ఆ పొరనే చీల్చివేయును. కావున ఇరువది సెకండ్లు సబ్బుతో చేతులు కడుగుకొనుడని 2020లో లోకమంతట చెప్పిన మాట వట్టి యోదార్పు మాట గాదు.

ఈ గుణము మన కుంకుడుకాయకును, శీకాయకును గలదు. వానిలోని సాపోనిను లను పదార్థములకు సబ్బువలెనే నీటిని కోరు కొనయు, నూనెను కోరు కొనయు ఉన్నవి. అందుచేతనే అవి నురుగు కట్టును. మన గ్రామములలో రజకులు చౌడు మన్నుతో బట్టలు ఉడుకబెట్టుట కూడ ఇట్టిదే. చౌటిలో సోడా గలదు. అది బట్టలలోని జిడ్డుతో కలిసి అక్కడికక్కడ కొంత సబ్బును పుట్టించును. కుంపటి బూడిదతో అంట్లు తోమిన మన ముత్తవ్వలకు రసాయన శాస్త్రము రాదు గాని, ఆ బూడిదలోని క్షారము జిడ్డును విడదీయునని వారి చేతులకు తెలియును.

ఇక గట్టి మందుల వలని కీడెంత? ఐరోపా ఖండమున కొన్ని దేశములలో ఆఱువేలకు పైగా స్త్రీపురుషులను సుమారు ఇరువది సంవత్సరముల పాటు పరిశీలించి, నార్వే దేశపు బెర్గెను విశ్వవిద్యాలయము వారు 2018లో ఫలితములను ప్రకటించిరి. గట్టిగా ఊపిరి విడిచినపుడు మొదటి సెకండులో వెలువడు గాలి యెంతయో కొలుచుట ఇందలి పద్ధతి. వయస్సుతో గూడ ఆ కొలత అందఱికిని తగ్గునదే. కాని శుభ్రము చేయుటయే వృత్తిగా గల స్త్రీలకు, అట్టి పని చేయనివారికంటె ఏటేట సుమారు నాలుగు ఘనసెంటీమీటర్లు ఎక్కువగా తగ్గినది. ఇండ్లలో శుభ్రము చేసికొను స్త్రీలకును దాదాపు అంతే. నాలుగు ఘనసెంటీమీటర్లు స్వల్పమే గదా యని తోచవచ్చును. ఇరువది యేండ్లు గుణించి చూడుడు. పురుషులలో ఇట్టి తరుగుదల కనబడలేదని కూడ చెప్పుట న్యాయము. ఇది ఏ యొక్క మందు వలన కలిగినదో ఆ పరిశీలన తేల్చి చెప్పలేదు. అమెరికా దేశమున 73 వేలకు పైగా స్త్రీ నర్సులను పరిశీలించి 2019లో ప్రకటించిన మఱొక నివేదికలో, వారమునకొకసారి యైనను క్రిమినాశకములతో పనిముట్లను గాని గదులను గాని శుభ్రపఱచువారికి, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి కలుగు ప్రమాదము నూటికి 25 మొదలు 38 వంతుల వఱకు అధికమని తేలినది. వైద్యశాలలో క్రిమినాశకము తప్పదు. నర్సులు ఆ ప్రమాదమును ఒక ప్రయోజనము కొఱకు భరించుచున్నారు. ఒక గుమాస్తా బల్లమీది టీ మరకకై ఒక ఆయా దానిని ఏల భరింపవలెను?

ఊపిరితిత్తుల కీడు ఏండ్లమీద తెలియునది. మందులను కలుపుట వలని కీడు నిమిషములలో తెలియును. బ్లీచింగు పౌడరు నీటిలో మరుగుదొడ్డి యాసిడ్డు కలిసినచో క్లోరిన్ వాయువు లేచును. 1915 ఏప్రిలు 22వ తేదీన బెల్జియము దేశపు ఈప్రు పట్టణము వద్ద యుద్ధభూమిలో సైనికులమీదికి వదలినది ఈ వాయువునే. రెండు మందులు కలిపిన రెట్టింపు శుభ్రత యగునని తలంచి, తలుపు వేసికొని ఇఱుకు మరుగుదొడ్డిలో ఈ పని చేయువారు నేటికిని గలరు. మూత్రశాలలో నిలిచిన మూత్రముమీద బ్లీచింగు పౌడరు పోసినను, అందలి అమ్మోనియాతో కలిసి కన్నులను గొంతును మండించు వాయువు పుట్టును. ముందు నీటితో బాగుగా కడిగి, పిదపనే మందు వాడవలెనని చెప్పుట ఇందులకే. అమెరికాలో 2020 జనవరి మొదలు మార్చి వఱకు మూడు నెలలలో, శుభ్రపఱచు మందుల వలన కీడు జరిగినదని విషచికిత్సా కేంద్రములకు 45,550 పిలుపులు వచ్చెను. అంతకుముందు సంవత్సరపు లెక్కకంటె ఇది నూటికి ఇరువది వంతులు ఎక్కువ. మన దేశమున మఱొక దురలవాటు గలదు. ఫినాయిలును, యాసిడ్డును త్రాగునీటి సీసాలలోను, చల్లని పానీయముల సీసాలలోను పోసి అమ్ముదురు, పంచుదురు. దప్పిగొనిన బిడ్డకు ఏ సీసాలో నేమి యున్నదో ఎట్లు తెలియును? ఏ మందైనను దాని పేరు వ్రాసియున్న సీసాలోనే యుండవలెను. ఈ విషయమున సందేహమునకు తావు లేదు.

వస్తువు ఎట్టిదో చూచినట్లే అది ఏ రూపమున గాలిలో చేరునో కూడ చూడవలెను. 1969లో ఇంగ్లండు దేశపు బట్టల పొడి కర్మాగారములలో పనిచేయువారికి ఉబ్బసము వచ్చుచుండుటను ఒక వైద్యుడు ప్రకటించెను. ఆ పొడిలో మరకలను కరగించు ఎంజైములుండెను. అవి నీటిలో మెల్లగా పనిచేయు మేలైన వస్తువులే. కాని మెత్తని ధూళియై గాలిలో లేచినపుడు ఊపిరితిత్తులకు పగయైనవి. తరువాత వానికి పైపూత పూసి గుళికలుగా చేసిరి. ధూళి తగ్గినది, వ్యాధియు తగ్గినది. చిమ్ముడు సీసాల సంగతియు నిట్టిదే. అద్దముమీదికి చిమ్మిన మందులో కొంత అద్దముమీదను, కొంత మన ముక్కులోను పడును. ఆ మందునే గుడ్డమీద పోసి తుడిచినచో ఖర్చును తగ్గును, దగ్గును తగ్గును.

ప్రకృతిసిద్ధమైన దెల్ల నిరపాయమని చెప్పువారితోను నేను ఏకీభవింపజాలను. ఆదివారము తలంటి పోసికొనునపుడు కుంకుడు రసము కంటిలో పడని తెలుగు బిడ్డ యుండడు; ఆ మంట యెట్టిదో ఎవరికిని చెప్పనక్కఱలేదు. కుంకుడుకాయలు దంచునపుడు లేచు పొడి తుమ్ములను తెచ్చును. దేవదారు జాతి చెట్ల తైలము, నిమ్మతొక్క తైలము మంచి సువాసన గలవే గాని, అవి గాలిలోని ఓజోనుతో కలిసి ఫార్మాల్డిహైడు అను చెఱుపు పదార్థమును పుట్టించునని రసాయన శాస్త్రజ్ఞులు చూపియున్నారు. నకలు తీయు యంత్రములు కొన్ని ఆ ఓజోనును కచేరీలోనే తయారు చేయుచుండును. నిమ్మరసమును, వెనిగరును ఇత్తడికి, అద్దమునకు మంచివి. కాని తాండూరు బండలు, కడప బండలు, బేతంచెర్ల బండలు పఱచిన నేలకు పనికిరావు. అవి సున్నపురాతి జాతివి. పులుపు తగిలినచో బొగ్గుపులుసు వాయువు బుడగలుగా లేచి, రాయి మెఱుగు పోయి గఱుకెక్కును. ఆ గఱుకులో మరల మురికి పట్టును. అది పోవుటకు మఱింత యాసిడ్డు తెప్పింతురు. ఈ విధముగా బండలు చెడిన వసారాలు ఎన్నియో.

అట్లయిన ఏది దేనికి వాడవలెను? మొదటి మందు సీసాలో లేదు. గుమ్మము వద్ద నున్నది. లోపలికి వచ్చు మట్టిలో ఎక్కువ భాగము పాదరక్షలతో వచ్చునది. కొబ్బరిపీచు పట్ట యొకటి గుమ్మమున వేసి, వారమునకు రెండుమాఱులు దులిపినచో సగము పని తగ్గును. చెప్పులు బయట విడిచి లోపలికి పోవు మన పెద్దల యలవాటు ఇంకను మేలైనది. పొడి చీపురుతో ఊడ్చినపుడు దుమ్ము లేచి, మరల బల్లలమీదనే దిగును. కావున ఊడ్చుటకంటె తడిగుడ్డతో తుడుచుట మేలు. నల్లబల్లను కూడ తడిగుడ్డతో తుడిచిన సుద్దపొడి ఉపాధ్యాయుల గొంతులోనికి పోదు. నేలకు, బల్లలకు మెత్తని సబ్బు నీటిలో కొంచెము కలిపి వాడిన చాలును. సబ్బు ఎక్కువైనచో నేలమీద జిగటగా మిగిలి ధూళిని పట్టుకొనును. అప్పుడు శుభ్రము చేసిన గదియే త్వరగా మాయును. ఈ సంగతి తెలియక చాలమంది సబ్బును నిందింతురు. జిడ్డు గట్టిగా పట్టిన క్యాంటీను బల్లలకు బట్టల సోడా వేడినీటిలో కలిపి వాడవచ్చును. చేతులకు రబ్బరు తొడుగులు ఉండవలెను. ఇత్తడి గంటకును, గొళ్లెములకును చింతపండు వాడుట మన కందఱకును తెలిసినదే. అందలి టార్టారికు ఆమ్లము చిలుమును కరగించును.

మరుగుదొడ్డి విషయమున మాత్రము కొంచెము నిలిచి చెప్పవలెను. అందలి పచ్చని, తెల్లని మరకలు మూత్రపు లవణములును, ఉప్పునీటి సున్నమును పేరుకొనుట వలన కలుగునవి. ప్రతిదినము కుంచెతో రుద్ది నీరు పోసినచో అవి పేరుకొనవు. పేరుకొనినవానికి నిమ్మ ఉప్పు నీటిలో కలిపి పోసి, ఒక గంట యుంచి రుద్దిన చాలవఱకు వదలును. వాంతి, రక్తము, విరేచనము పడిన చోట క్రిమినాశకము తప్పక కావలెను. అప్పుడు ముందుగా ఆ మలినమును కాగితముతో ఎత్తివేసి, సబ్బునీటితో కడిగి, పిదప బ్లీచింగు ద్రావణము పోసి పది నిమిషము లుంచవలెను. మలినముమీదనే పోసినచో మందు శక్తి యంతయు ఆ మలినముతోనే తీఱిపోవును. మామూలు నేలకు వెయ్యింట ఒక వంతు క్లోరిన్ చాలును. నూటికి 30 వంతులు క్లోరిన్ గల మంచి బ్లీచింగు పౌడరైనచో, లీటరు నీటికి 3 గ్రాములకు కొంచెము పైగా పడును. రక్తము పడిన చోటికి దీనికి అయిదు రెట్లు. ఈ ద్రావణమును ఏ నాటి కానాడు కలుపవలెను. పొడి డబ్బా మూత తీసి తేమలో ఉంచినచో నెలలలోనే సారము పోవును. కొలత లేకుండ పిడికిళ్లతో వేయువారు ఒక దినము చాలనంతయు, మఱొక దినము కన్నులు మండునంతయు వేయుదురు. ఒక చెంచాయు, ఒక లీటరు పాత్రయు కొనియిచ్చుట ఏ పాఠశాలకును భారము గాదు.

మనము నేలపై వాడినది నేలపైనే యుండదు; కాలువలో కలిసి చెఱువునకు పోవును. రెండవ ప్రపంచ యుద్ధానంతరము వాడుకకు వచ్చిన కొన్ని కృత్రిమ సబ్బులను నీటిలోని సూక్ష్మజీవులు తినజాలకుండుటచే ఐరోపా, అమెరికా నదులలో నురుగు కొండలు లేచెను. 1960 తరువాతి సంవత్సరములలో ఆ దేశములవారు, త్వరగా జీర్ణమగు వేఱొక రకమునకు మాఱిరి. అయినను శుద్ధిచేయని మురుగు ఒక్కుమ్మడిగా చేరినచో ఆ రకమును నురుగుకట్టును. బెంగుళూరు నగరపు బెళ్ళందూరు చెఱువు నురుగు గాలికి లేచి వీథులలో ఎగురుటయు, 2015లోను 2017లోను ఆ చెఱువుమీద మంటలు లేచుటయు పత్రికలలో పలువురు చూచియుందురు.

అంగడిలో ఏది మంచిదో తెలిసికొనుట యెట్లని కొందఱు ప్రశ్నింపవచ్చును. ఆకుపచ్చ రంగు, ఆకు బొమ్మ, ప్రకృతి యను మాట, ఇవి యేవియు ప్రమాణములు గావు. మన ప్రభుత్వము 1991లో ఎకోమార్కు అను ముద్ర నొకదానిని ఏర్పఱచినది. దాని చిహ్నము మట్టికుండ. కుండ మట్టినుండి పుట్టి, పగిలిన పిదప మట్టిలోనే కలియును గనుక ఆ చిహ్నము చక్కగా ఎన్నుకొన్నారనవలెను. ఆ పథకమునకు 2024లో క్రొత్త నియమములు చేసిరి. జర్మనీ దేశమున ఇట్టి ముద్ర 1978 నుండియే గలదు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రము 2005లో చట్టము చేసి, 2006 సెప్టెంబరు నుండి పాఠశాలలలో పర్యావరణమునకును ఆరోగ్యమునకును మేలైన శుభ్రపఱచు వస్తువులనే వాడవలెనని విధించినది. ముద్ర లేని చోట సీసామీది పదార్థముల పట్టిక చదువవలెను. పట్టికయే లేనిచో కొనకుండుట మంచిది. కొను పెద్దలు ఆ సీసాను వాడు ఆయాను పిలిచి, చేతులు పగులుచున్నవా, రాత్రి దగ్గు వచ్చుచున్నదా, కన్నులు మండుచున్నవా యని యడిగినచో, ఏ పట్టికలోను దొరకని సమాచారము దొరకును. ఈ ప్రశ్న లెవ్వరును అడుగనందున వారు తమంతట తాము చెప్పరు. చెప్పినచో పని పోవునని భయము.

పైని చెప్పినవానిలో కొన్నిటిని విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. రెండు గాజు గ్లాసులలో నీరు పోసి, చెంచాడేసి నూనె వేసి, ఒకదానిలో కుంకుడు రసము కలిపి, రెండింటిని బాగుగా గిలకొట్టుడు. ఒకదానిలో నూనె కొలదిసేపటికే పైకి తేలును; రెండవదానిలో నీరు పాలవలె తెల్లనై నూనె అందులోనే నిలుచును. నీటిలో పోసిన ఫినాయిలు తెల్లబడుటకును కారణ మిదియే. ఆ తెలుపు మందు బలము గాదు, నీటిలో చెదరిన తైలపు బొట్లు మాత్రమే. రెండవ పరీక్షకు నాపరాతి ముక్క యొకటియు, నల్లరాతి ముక్క యొకటియు తెచ్చి, రెండింటిమీదను నిమ్మరసము పిండి, చెవి దగ్గఱ పెట్టి వినుడు. మూడవది ఉదయపు టెండలో చేయదగినది. కిటికీనుండి ఒక కిరణము పడు గదిలో సగము నేలను పొడి చీపురుతో ఊడ్చి, ఆ కిరణములో ధూళి యెంతసేపు తేలియాడునో గడియారము చూచి వ్రాసికొనుడు. అది పూర్తిగా దిగిన తరువాత మిగిలిన సగమును తడిగుడ్డతో తుడిచి మరల చూడుడు.